బోరుకొచ్చిన ఇంజను

ఇంకోసారి అడగనీ, అప్పుడు చెబుతుంది వాడి సంగతి. పొద్దుటి నుంచి మరిది అడగడం ఇది మూడోసారి, "ఏమాలోచించినవ్ వదినె" అని, పెండ్లికి ఏ రంగు చీర తీసుకుందామని అడిగినంత తేలిగ్గా. మెకానిక్ జానీ పాషా తన షెడ్డులో పాత టైరు మీద గోనెపట్టా పరిచి కూర్చోమంటే యాదవ్వ కూర్చుంది. ఎదురుగా బల్ల మీద తన జీపు ఇంజను పేగులు తీసిన మేకలా పడి ఉంది. దానికవతల, బ్యాటరీ పెట్టె మీద, మరిది శ్రీనివాస్. మెడలో కండువా, చేతిలో ఫోను, కాలు మీద కాలు. సగం దించిన షట్టరు కింద నుంచి ఎండ లోపలికి పాకుతోంది. ఇవాళ బంద్. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది, సిద్దిపేటలో బస్సు లేదు, బడి లేదు, సర్కారు ఆఫీసులకు తాళాలు, ఈరోజైతే చాయ్ హోటలు కూడా మూత. పాలకు మాత్రం బంద్ లేదు. మూడు గంటలకు అజహర్ పాల వ్యాను హైదరాబాదు పోతుంది. ఆ లోపల తేల్చాలి. పాత ఇంజనుకే అరిగిన గుంతలు మళ్లీ తొలిపించి బోరు కొట్టించడమైతే ఈ ఇనుప దిమ్మె ఆ వ్యాను ఎక్కి మిషను షాపుకు పోవాలి. వేరే ఇంజను వేయించడమైతే అజహర్ తిరిగి వచ్చేటప్పుడు దాన్ని వేసుకొని వస్తాడు. "గంట టైమున్నది చెల్లె, నిమ్మళంగ ఆలోచించు" అన్నాడు పాషా. గంటట. పదిహేనేళ్లు అన్నం పెట్టిన బండికి గంట.

అసలు ఆలోచించడానికేముంది, కళ్లు కనబడటం లేదా ఏమన్నా? దిమ్మెలో పిస్టన్లు ఆడే నాలుగు గుంతలు, నాలుగింటి గోడల మీదా గోళ్లతో గీరినట్టు గీతలు. ఇందాక ఒక గుంతలో వేలు పెట్టి చూసింది, పైఅంచు దగ్గర చిన్న మెట్టులా తగిలింది. మెట్టు తగిలిందంటే గోడ అరిగి బోరుకొచ్చినట్టే అని రాజమల్లయ్య చెప్పేవాడు. ఆమె మగడు. పోయి రెండేళ్లయింది, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. ఆయన ఉన్నప్పుడు ఈ షెడ్డుకు రెండేసార్లు వచ్చింది, రెండుసార్లూ ఇదే బల్ల, ఇదే ఇంజను, కానీ అప్పుడు ఆమె పని సద్ది గిన్నె తేవడం వరకే. ఇంట్లో మాత్రం ఆమె చాటలో ఆకు పెట్టుకొని బీడీలు చుడుతుంటే ఆయన పక్కన ఒరిగి పొగల గురించి చెప్పేవాడు. నల్లపొగ వస్తే తిండి ఎక్కువైనట్టు యాదీ, తెల్లపొగ వస్తే కడుపులో నీళ్లు పడ్డట్టు, నీలంపొగ వస్తే మటుకు నెత్తురు పోతున్నట్టు, తన నూనె తనే కాల్చుకుంటున్నట్టు. మొన్న ఎండాకాలం నుంచి నీలంపొగే. వాడకట్టంతా చూసింది. పక్కింటి బుచ్చవ్వకు ఇంజనంటే ఏం తెలుసు, ఆమె కూడా "ఏందే, మీ జీపు ఊదుపొగ ఏసుకుంట పోతాంది" అని నవ్వింది. మరి బండి నడిపే వీడు చూడలేదా? చూశాడు. చూడకేం? పక్కన అద్దం ఉన్నది వెనక్కి చూసుకోవడానికా, తల దువ్వుకోవడానికా?

పాషా తన ముక్క తను చెప్పేశాడు. దాపరికం లేని మనిషి, శత్రువైనా ఒప్పుకోవాలి. "మల్లన్న ఉన్నప్పుడు రెండుసార్లు బోరు కొట్టినం దీనికి. మూడోసారంటె గోడ పల్సబడ్తది. లోపట స్లీవులని ఇనుప గొట్టాలు దిగగొడ్తం, నడుస్తది, నడువదని అంటలేను. ఆర్నెల్లా, ఏడాదా, అల్లాకు ఎరుక. నన్నడిగితె వేరే ఇంజనే మేలు." అన్నాక గుడ్డతో చేతులు తుడుచుకొని మూలకు పోయాడు, ఇక మీరూ మీరూ తేల్చుకోండి అన్నట్టు. నిజమే చెప్పాడు. వేరే ఇంజనే మేలు. ఈ మాట యాదవ్వకు పాషా చెప్పకముందే తెలుసు. తెలిసిన మాటను మింగేసింది ఎందుకంటే, ఆ వెంటనే శ్రీనివాస్ చొక్కా జేబులోంచి కాగితాలు తీశాడు. ముందే రాయించి పెట్టుకున్నాడు! ఇంజను ఇంకా దించకముందే రాయించి ఉంటాడు, ఎవరికి తెలుసు? "ఇంజను మారితె నంబరు మారుతది వదినె. నంబరు ఆర్సీల ఎక్కియ్యాలె. ఆర్సీ ఏమో అన్న పేరు మీదున్నది, సచ్చిపోయినోళ్ల పేరు మీద ఎక్కియ్యరు. సమ్మె అయిపోయి ఆఫీసు తెరువంగనే నా పేరు మీదికి చేపిస్త. నువ్వు గీడ సంతకం పెడితె సాలు." సచ్చిపోయినోళ్లట. తోడబుట్టినవాడు కాదన్నట్టు, ఎవరో దారిన పోయేవాడన్నట్టు. నీ పేరు మీదికెందుకురా అని అడిగింది. "మరి ఆఫీసు సుట్టు నువ్వు తిరుగుతవా?" అన్నాడు. తిరగదా? బీడీ కార్డు కోసం చెప్పులరిగేదాకా తిరగలేదా, వితంతు పింఛను కోసం తిరగలేదా, అప్పుడు వచ్చాడా వీడు తోడు? కాగితం మీద అచ్చులో ఒక వాక్యం ఉంది, ఆమె కూడబలుక్కొని చదివింది. నాకేమీ అభ్యంతరం లేదు, అని. అభ్యంతరం లేదట! ఉన్నదల్లా అదే గదరా.

వాడి ధీమా అంతా ఒక్కటే, ఆమెకు స్టీరింగు పట్టడం రాదు. రాదు, నిజమే. మగడు పోయిన పదకొండో రోజు నుంచి వాడే నడిపాడు, అక్కన్నపేట రూటుకు పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు, సంతనాడు ఇంకొకటి. తెచ్చింది తెచ్చినట్టు సగం ఆమె చేతిలో పెట్టేవాడు, మొహం పక్కకు తిప్పుకొని, కుక్కకు బొక్క వేసినట్టు. ఆమె కూడా అట్లాగే తీసుకునేది, మొహం పక్కకు తిప్పుకొని. సంతకం పెడితే ఏమవుతుందో ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. మొదటి నెల సగం ఇస్తాడు. రెండో నెల కొత్త ఇంజను ఖర్చు అంటాడు. ఆరో నెల వాడి పెండ్లాం వాకిట్లో నిలబడి, మా బండి మీద మీకేంది అంటుంది. బోరు కొట్టిస్తే ఆ బాధ లేదు. దిమ్మె పక్కన అరచెయ్యంత చదునైన జాగాలో నంబరు పొడిచి ఉంటుంది, పాషా కిరోసిన్ గుడ్డతో రుద్దితే ఇందాక బయటపడింది. దిమ్మె ఇదే ఉంటే నంబరు ఇదే ఉంటుంది, నంబరు ఇదే ఉంటే కాగితం ముట్టుకోనక్కర్లేదు, కాగితం ముట్టుకోకపోతే జీపు రాజమల్లయ్యది, రాజమల్లయ్యదంటే తనది. తనదేనా? అదిగో, మళ్లీ వచ్చింది ఆ పాడు ఆలోచన, తలుపేసినా సందులోంచి దూరే పిల్లిలా. జీపు కొన్నప్పుడు రాయపోల్‌లో అత్తగారి వాటా చెలక భూమి అమ్మారు. ఆ చెలక ఇద్దరన్నదమ్ములది. అప్పటికి శ్రీనివాస్‌కు మీసాలు కూడా రాలేదు, కొత్త జీపు బానెట్ మీద పసుపుతో తనే స్వస్తిక్ వేశాడు, కాస్త వంకరగా వచ్చింది. "ఇది మనిద్దరిదిరా" అన్నాడు అన్న. అన్న అన్నాడు గానీ రాయలేదు గదా! రాయని మాటకు విలువుందా? ఉంది. ఉంటే ఉండనీ. ఆయన లేడు, ఆ మాట విన్నది తనూ వాడే, తను చెప్పదు.

ఎక్కడో చౌరస్తా వైపు డప్పులు మోగాయి. జై తెలంగాణ అని ఒక గొంతు, వెనక వంద గొంతులు. శ్రీనివాస్ కాలు దించి, ఫోను మీంచి తలెత్తకుండానే "జై తెలంగాణ" అన్నాడు, తుమ్మినప్పుడు రామా అన్నట్టు. యాదవ్వ నోట్లోకీ వచ్చింది ఆ మాట. పళ్ల మధ్య పట్టి ఆపేసింది. వాడితో కలిసి జై కొట్టడమేంటి? తెలంగాణ రావద్దని కాదు. రావాలి, వచ్చి తీరాలి, వాడికంటే గట్టిగానే కోరుకుంటుంది. మొన్న నడిరోడ్డు మీద బతుకమ్మ పేర్చి ఆడితే పది రోజులు గొంతు బొంగురుపోయింది, స్వరాజ్యలక్ష్మి టీచరమ్మ వచ్చి "యాదవ్వా, నీ గొంతు ముందర మైకు దండగ" అన్నది. కానీ ఆ మైకు ఎక్కడుంది? తన జీపు టాపు మీద. బోనాలకు ముందర పోతురాజు నడిచినట్టు ఊరేగింపు ముందర తన జీపు. స్టీరింగు దగ్గర వీడు, మెడలో దండ, కిటికీ బయటికి చెయ్యి. సొమ్మొకడిది, సోకొకడిది. అందరూ బతుకమ్మల్ని చూస్తుంటే ఆమె చూపంతా జీపు ముందు రేడియేటరు మీదే. మనుషులు నడిచిన వేగానికి నడవాలి గదా, ఫస్టు గేరు. మూడు గంటలు ఫస్టు గేరు, గాలి తగలదు, ఎండ దంచుతోంది, లోపల నీళ్లు కుతకుత ఉడుకుతుంటాయి. ఆపరా, పది నిమిషాలు ఆపి చల్లారనియ్యిరా అని మనసులో మొత్తుకుంటూ చప్పట్లు కొట్టింది, చేతులు పాటకు, ప్రాణం ఇంజనుకు. ఆ రాత్రి అడిగితే "ఉద్యమంల బండి గురించి మాట్లాడుతవా వదినె, సిగ్గులేదా" అన్నాడు పదిమంది ముందర. సిగ్గట. ఉద్యమం పేరు చెబితే ఎవడైనా నోరు మూస్తాడని తెలుసు వాడికి. ఇంకో పక్క చూడబోతే, బస్సులు బందై జీపుల వాళ్ల పంట పండింది. సంది లేకుండా జనం, టాపు మీద జనం, వెనక నిచ్చెన మీద జనం. ఊళ్లో ప్రతివాడి బండీ పరుగులు పెడుతోంది, తనది ఇక్కడ బల్ల మీద బోర్లా పడి ఉంది.

పాషా మూల నుంచి వచ్చాడు, అరచేతిలో రెండు సన్నటి రేకు ముక్కలు. సగం గాజుల్లా వంగి ఉన్నాయి. ఇంజను ఇరుసు, క్రాంకు, కింద ఉండే బేరింగులు. ఒకటి ఆమె చేతిలో పెట్టాడు, ఒకటి వాడి చేతిలో. ఆమె బొటనవేలితో తడిమింది, నున్నగా ఉండాల్సింది గరగరమంది, మీద వెండి పూత కొట్టుకుపోయి లోపలి రాగి బయటపడింది. "చెల్లె, పొద్దుగాల నువ్వు చెప్పిన ఫస్టు గేరు చంపలేదు దీన్ని. ఎండ చంపలేదు. నూనె చంపింది. తారు లెక్క అయింది లోపట. ఆయిలు మార్చి ఎన్ని దినాలైంది?" అని అడిగాడు, ఆమెను చూసి, వాడిని చూసి. శ్రీనివాస్ షట్టరు వైపు చూశాడు. యాదవ్వ పైకప్పు రేకుల వైపు చూసింది. పాషా "నాకెందుకు భయ్, నా పని నేను చేస్త" అని గొణుక్కుంటూ మళ్లీ మూలకు పోయాడు. పొద్దుటి నుంచి వదినా మరుదులిద్దరూ కలిసి చేసిన పని ఆ మౌనం ఒక్కటే.

ఎన్ని దినాలా? ఆమెకు తెలుసు, వేళ్ల మీద చెప్పగలదు, ఉగాది ముందు నుంచి. ఉగాదికి ముందు వాడు గేటు దగ్గర నిలబడి, లోపలికి కూడా రాకుండా, "ఆయిలు మార్చాలె, డబ్బా ఇయ్యి" అన్నాడు. డబ్బా ఉందని వాడికి తెలుసు. రాజమల్లయ్య పోవడానికి వారం ముందు తెచ్చాడు, సీలు తియ్యని డబ్బా, ఆయన అలవాటే అంత, ఉప్పు నిండుకోకముందే ఉప్పు, నూనె నిండుకోకముందే నూనె. మంచం కింద ఉంది. ఇచ్చేదే, ఇద్దామనే లేచింది. అంతలో వాడు "ఓనరువి గదా, ఓనరే పొయ్యాలె" అని పళ్లికిలించాడు. అంతే, నెత్తురు నెత్తికెక్కింది. "మీటింగులకు తిప్పిచ్చుకున్నోళ్లను పొయ్యమను పో" అన్నది. వాడు పోయాడు. మళ్లీ అడగలేదు. వాడి దగ్గర లేకనా, రోజూ చేతిలో కిరాయి ఆడుతూనే ఉంది, బజారులో డబ్బాలు దొరకకనా? కొనడు. కొంటే ఓడిపోయినట్టు. ఇయ్యదు, ఇస్తే తను ఓడిపోయినట్టు. వైశాఖం పోయింది, జ్యేష్ఠం పోయింది, జీపు నీలంపొగ కక్కుతూ వాకిటి ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు పోయింది, పోయినప్పుడల్లా ఆమె బీడీ చుట్టడం ఆపి వింది, లోపల సన్నగా టకటకమని. విన్నది. చెప్పలేదు.

మొన్న దసరానాడు మాత్రం, ఆ దసరా గుర్తుకొస్తే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. ఆయుధపూజ గదా, మగడు చేసినట్టే చెయ్యాలి గదా అని పొద్దున్నే లేచి జాకీ, పానాలు అన్నీ కడిగి పీట మీద పెట్టింది. ఆయన డబ్బా కూడా తెచ్చింది. తడిగుడ్డతో తుడిచి, పసుపు పూసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, మూత మీద నిమ్మకాయ పెట్టి, వాకిట్లో పీట మధ్యన దేవుడిలా కూర్చోబెట్టింది. వాడు జీపు కడుక్కొని తెచ్చి నిలబెట్టాడు. మామిడి తోరణం కట్టి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఇంజను నడుస్తూనే ఉంది, టకటక, టకటక, డబ్బాకు రెండు మూరల దూరంలో. వాడు డబ్బాను చూశాడు. ఆమె వాడు చూడటం చూసింది. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, వదినె ఆ డబ్బా తియ్యి అంటే ఇచ్చేది, పసుపు చేతులతోనే ఇచ్చేది. తీసుకోరా అని తను అంటే వాడూ పోసేవాడే, అక్కడికక్కడ బానెట్ ఎత్తి. అనలేదు. అనలేదు. పొద్దుగూకే ముందు పాలపిట్టను చూసి వచ్చాక వాడు జమ్మి ఆకు తెచ్చాడు. పగవాడికైనా చేతిలో బంగారం పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునే రోజు గదా. వాడు ఆమె మొహం చూడకుండా అరచేతిలో ఆకు పెట్టి, వంగి కాళ్లు మొక్కినట్టు గాలిని మొక్కాడు. ఆమె దీవించినట్టు గాలిని దీవించింది. తర్వాత డబ్బాను బొట్లతో సహా మళ్లీ మంచం కిందికి తోసింది. మూడో రోజు హైదరాబాదు రోడ్డున కిరాయికి పోతుంటే కుకునూరుపల్లి దాటాక ఇంజను ఫట్‌మని అరిచి ఆగిపోయింది. నూనెకు పూజ చేసి ఇంజనును ఎండగట్టింది, లోకంలో ఇంత తెలివైన ఆడది ఇంకొకతె ఉంటుందా?

తనే చంపింది. సగం తను, సగం వాడు, కానీ డబ్బా ఉన్నది తన మంచం కింద. పొద్దుటి నుంచి ఈ మాట చుట్టూ తిరిగి తిరిగి ఇప్పటికి దాని ముందు కూలబడింది. ఒప్పుకుంటే మనసు తేలికవుతుందంటారు. అబద్ధం. తప్పు తనదని తేలాక వాడి మీద కోపం తగ్గాలి గదా, రెట్టింపైంది. తనలో ఇంత పాడు బుద్ధి ఉందని తనకు చూపించిన మనిషి వాడే, వాడు లేకపోతే తను మంచిదానిలాగే బతికి మంచిదానిలాగే పోయేది. వాడిని క్షమించడం తర్వాత మాట, ముందు వాడు ఎదురుగా ఆ పెట్టె మీద అట్లా కాలు ఊపడం ఆపాలి. వేరే ఇంజనే మేలు. తెలుసు. పాషా చెప్పాడు, తెలుసు. ఆయన బతికుంటే అదే చెప్పేవాడు, దిమ్మె మీద చెయ్యేసి, ఇగ దీని పని అయిపోయింది యాదీ అని. అదీ తెలుసు.

బయట హారను మోగింది. అజహర్. పాషా లేచి వచ్చాడు. "చెప్పుండ్రి."

"సంతకం పెడుతదిలే" అన్నాడు శ్రీనివాస్, పెన్ను మూత తీస్తూ.

ఆ 'లే' ఒక్కటి చాలు. "బోరు కొట్టియ్యి పాషన్నా. దిమ్మె ఎక్కియ్యి" అన్నది యాదవ్వ.

"చెల్లె, ఇంకోపారి చెప్తున్న. పైసలు పెట్టినంక ఆర్నెల్లకు మళ్ల నా దగ్గర ఏడ్సద్దు."

"ఏడ్వ. నడిచినన్ని దినాలు నడువనీ."

శ్రీనివాస్ లేచి నిలబడ్డాడు. మొహం నల్లబడింది. "ఆర్నెల్ల బండికి నేను స్టీరింగు పట్ట."

"పట్టకు. నిన్నెవలు బతిలాడిన్రు?"

"ఎవడొస్తడు నీ బండికి? నా కడుపు గూడ కొడుతున్నవ్ గదా నువ్వు, సోయి ఉన్నదా? నాకేమున్నది గీ బండి తప్ప?" గొంతు జీరపోయింది వాడికి. కాగితాలు నాలుగు ముక్కలు చేసి నూనె పళ్లెంలో పడేశాడు. ఆ జీర వినగానే ఆమెకు లోపలెక్కడో సంతోషం కలిగింది, ఛీ, కలిగింది మరి, చిన్నప్పుడు ఎదుటి పిల్లను గిచ్చి అది ఏడిస్తే కలిగినటువంటిది.

సందు మొగదల బంద్ వాళ్లు బండరాళ్లు అడ్డం పెట్టారు, వ్యాను లోపలికి రాదు. దిమ్మెను అక్కడిదాకా మొయ్యాలి. షెడ్డు పనివాళ్లంతా రాస్తారోకోలో ఉన్నారు. పాషా దిమ్మెకు తాడు చుట్టి, తాడులోంచి గడ్డపార దూర్చి, తను క్రాంకును భుజానికెత్తుకొని "చెరో పక్క పట్టుండ్రి, పైలం" అని ముందు నడిచాడు. వాడు వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. కండువా తీసి అరచేతులకు చుట్టుకొని వచ్చి గడ్డపార ఒక కొస పట్టాడు. ఆమె రెండో కొస పట్టింది. లేపారు. మధ్యలో ఇనుము వేలాడింది, ఒకరు అడుగేస్తే రెండోవాళ్లు వెయ్యాల్సిందే, లేకపోతే మోకాళ్లకు తగులుతుంది. సందు సగానికి వచ్చేసరికి ఆమె వేళ్లు తెగిపోతున్నాయి, భుజం గుంజుతోంది, కళ్ల ముందు నల్లచుక్కలు. ఆగుదామని అనాలి. అంటే వాడేమంటాడో తెలుసు. వాడి మెడ నరాలు తాళ్లలా తేలాయి. వాడూ అనడు. అంటే ఆమె ఏమంటుందో వాడికీ తెలుసు.

"అరె, కింద వెట్టి దమ్ము తీసుకోండ్రి!" వ్యాను దగ్గర నుంచి అజహర్ అరిచాడు.

ఇద్దరూ ఆగారు. కింద పెట్టలేదు.

"దించు" అన్నాడు శ్రీనివాస్, ఎగపోస్తూ.

"నువ్వు దించు" అన్నది యాదవ్వ.